నరాలు తేలిన చేయి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు రాసినవే. ఊర్లు వేరైనా వాటిలో చాలా వరకు ఒకే మాట చుట్టూ తిరిగాయి: నరం. అందుకని ఈసారి మిగిలిన విషయాలను పక్కన పెట్టి, చర్మానికీ నరాలకూ వయసుకూ ఉన్న సంబంధం మీదే సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. నా వయసు 62 సంవత్సరాలు. బడిలో ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. రెండు మూడేళ్ళుగా నా చేతుల మీద నరాలు బాగా పైకి తేలాయి. చర్మం ఉల్లిపొరలా పలుచబడింది. కత్తిపీట చిన్నగా గీసుకున్నా మానడానికి పది రోజులకు పైగా పడుతోంది. మందుల దుకాణంలో చూపిస్తే, నరాల బలహీనత వల్లే చర్మం ముడతలు పడుతోందని చెప్పి సూదులూ మాత్రలూ ఇచ్చారు. ఆరు నెలలుగా వాడుతున్నాను. నరాలకూ చర్మం ముసలిదవడానికీ నిజంగా సంబంధం ఉందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, పర్లాకిమిడి

జవాబు: గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి, అందులోనూ తెలుగు చెప్పిన వారి నుంచి వచ్చిన ప్రశ్న కనుక, మాట దగ్గరే మొదలుపెడతాను. వాడుకలో ‘నరం’ అన్నది కనీసం మూడింటికి పేరు. నెత్తురు మోసే సిరనూ నరమే అంటాము. కండను ఎముకకు కట్టి ఉంచే తాడులాంటి భాగం పట్టేసినా నరం పట్టిందనే అంటాము. స్పర్శను మెదడుకు చేరవేసే నాడి కూడా నరమే. మీ చేతుల మీద తేలినవి వీటిలో మొదటి రకం. అనుమానం ఉంటే ఒక చేతిని తల కంటే ఎత్తుగా ఎత్తి అర నిమిషం పట్టుకోండి. ఆ ఉబ్బిన గీతలు అణగిపోతాయి, చేయి దించగానే మళ్ళీ నిండుతాయి. అలా ఖాళీ అయి నిండేది నెత్తురే. వయసు పెరిగిన కొద్దీ చేతి వెనుక భాగంలో చర్మం కింద ఉండే కొవ్వు కరిగి, పైన చర్మం కూడా పలుచబడడం వల్ల, ఎప్పటి నుంచో అక్కడే ఉన్న సిరలు ఇప్పుడు కంటికి కనబడుతున్నాయి. ఇందులో బలహీనత ఏమీ లేదు.

అయితే దుకాణంలో చెప్పిన మాటను పూర్తిగా కొట్టివేయడానికి కూడా లేదు, ఎందుకంటే మూడో రకం నరానికి, అంటే నాడికి, చర్మం వయసుతో నిజంగానే కొంత సంబంధం ఉంది. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్ననైన నాడీ తంతువులు చర్మం లోపలి పొర గుండా పైకి వచ్చి, చివరి కొసలకు ఏ తొడుగూ లేకుండా పై పొరలోని కణాల మధ్య ముగుస్తాయి. వేడి, చలి, నొప్పి, దురద అనే నాలుగు కబుర్లనూ ఎక్కువగా ఇవే మోస్తాయి. చాలాకాలం వాటి పని అంతవరకే అనుకున్నారు. కానీ అవి కబురు పైకి పంపడమే కాకుండా, తమ కొసల నుంచి కొన్ని రసాయనాలను చర్మంలోకి వదులుతాయి కూడా. 1931లో ఫాన్ ఆయిలర్, గ్యాడమ్ అనే శాస్త్రవేత్తలు గుర్తించిన ‘సబ్‌స్టెన్స్ పి’ వాటిలో ఒకటి. 1980ల మొదట్లో బయటపడిన ‘సీజీఆర్‌పీ’ మరొకటి. ఇవి చర్మంలోని సన్నని రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, గాయం దగ్గరకు రక్షణ కణాలను రప్పిస్తాయి, కొత్త కణాల పుట్టుకకు ఊతమిస్తాయి. దోమ కుట్టిన చోటే కాకుండా దాని చుట్టూ కూడా చర్మం వెచ్చబడి ఎర్రబారడం ఈ నాడుల పనే. మన వంటి చామన చాయ మీద ఆ ఎరుపు సరిగా కనబడదు గాని, వేలు పెట్టి చూస్తే వెచ్చదనం తెలుస్తుంది. చెరువు నీటిని ఏ మడికి ఎంత వదలాలో చూసే నీరటికాడు గట్టు తెగితే ఊళ్ళోకి కబురు తెచ్చేవాడు కూడా అయినట్లు, చర్మంలో నాడికి రెండు ఉద్యోగాలు ఉన్నాయి.

వయసుతో పాటు ఈ నాడీ కొసల సంఖ్య తగ్గుతుంది. కాళ్ళ కింది భాగంలో ఈ తగ్గుదల స్పష్టంగా కనబడుతుంది, ఎందుకంటే వెన్ను దగ్గర మొదలై పాదం దాకా రావలసిన పొడవైన నాడులే ముందుగా దెబ్బతింటాయి. వేలి కొసలలో తేలికపాటి తాకిడిని గుర్తించే మైస్నర్ కణికలు కూడా పలచబడతాయి. బియ్యంలో రాయిని కంటితో కాకుండా వేళ్ళతోనే పట్టేసిన చేయి, ఇప్పుడు పర్సులో రూపాయి బిళ్ళనూ రెండు రూపాయల బిళ్ళనూ బయటికి తీసి చూసుకుంటే తప్ప తేల్చుకోలేకపోవడానికి ఇదీ ఒక కారణం. నాడి తగ్గితే చర్మం పోషణ కూడా దెబ్బతింటుంది. ఎలుకలలో చర్మానికి వెళ్ళే నాడిని తెంపితే ఆ భాగంలో పై పొర పలుచబడిందని ప్రయోగాలలో చూశారు. మనుషులలో కూడా నాడి దెబ్బతిన్న చోట పుండు ఆలస్యంగా మానుతుంది, చెమట తగ్గి చర్మం పొడిబారుతుంది. ఆ పొడిబారడం వల్ల, మిగిలిన నాడులు అస్తవ్యస్తంగా పనిచేయడం వల్ల, పెద్దవాళ్ళలో ఏ మచ్చా లేకుండానే రాత్రిళ్ళు వేధించే దురద వస్తుంది.

మరి ముడతలో? ఇక్కడే నేను దుకాణంవారితో ఏకీభవించను. మీ రవికె చేయి కప్పే చోట చర్మాన్నీ, అదే చేతి వెనుక భాగాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండింటి వయసూ 62 ఏళ్ళే, రెండింటికీ నాడులు వచ్చేది ఒకే మెడ దగ్గరి వెన్ను నుంచే. అయినా ఒకటి నునుపుగా, ఒకటి ముడతలతో, గోధుమరంగు మచ్చలతో ఉంటుంది. తేడా ఎండది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో 69 ఏళ్ళ లారీ డ్రైవరు ఫొటో ఒకటి వచ్చింది. ఆయన 28 ఏళ్ళు లారీ నడిపాడు. కిటికీ అద్దం వైపున్న చెంప పక్క చెంప కంటే ఇరవై ఏళ్ళు పెద్దదన్నట్లు ముడతలు పడి వేలాడుతుంది. అద్దం గుండా దూరివచ్చే అతినీలలోహిత కిరణాలు లోపలి పొరలో చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ అల్లికను తెంపివేయడమే అందుకు కారణం. ఒకే మనిషి, ఒకే నాడులు, రెండు చెంపలు. ముడతల లెక్కలో నాడుల వాటా చిన్నదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

ఇక ఆ సూదుల సంగతి. శరీరంలో బి12 విటమిన్ తక్కువైతే నాడులు దెబ్బతినడం నిజం. శాకాహారులలో, షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వేసుకునేవారిలో, కడుపులో ఆమ్లం తగ్గిన పెద్దవారిలో ఆ లోపం తరచుగా కనబడుతుంది. కానీ లోపం ఉందో లేదో రక్తపరీక్ష చెప్పాలి గాని, చేతి మీద తేలిన సిరలు చెప్పవు. లోపం లేనివారికి ఆ సూది ముడతను తగ్గించదు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు: ‘నరాల బలానికి’ అని అమ్మే మాత్రలలో ఉండే బి6ను ఎక్కువ మోతాదులో నెలల తరబడి వేసుకుంటే అదే స్పర్శనాడులను పాడుచేస్తుంది. అరికాళ్ళు మొద్దుబారి, చీకట్లో నడక తడబడుతుంది. ఆరు నెలలు అన్నారు కనుక, ఆ మాత్రల అట్ట వెనుక బి6 ఎన్ని మిల్లీగ్రాములని రాసి ఉందో చూసి, అట్టతో సహా వైద్యుడికి చూపించండి. గాయం మానడం ఆలస్యమవుతోంది కనుక, షుగరు, బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు ఒకసారి చేయించుకోండి. స్నానం చేసి తుడుచుకున్న మూడు నాలుగు నిమిషాలలో, తడి పూర్తిగా ఆరకముందే, కొబ్బరినూనె గాని పెట్రోలియం జెల్లీ గాని రాసుకోండి. సబ్బును చంకలు, గజ్జలు, పాదాలకే పరిమితం చేసినా మురికి పోతుంది. మధ్యాహ్నం వేళ స్కూటరు మీద వెళ్ళేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవడం మీ వయసుకు నామోషీ ఏమీ కాదు.

ప్రశ్న: మా అత్తగారికి 76 ఏళ్ళు. కార్తీకం వచ్చిందంటే ఫిబ్రవరి దాకా కుంపటి వదలరు. ఇప్పుడు ఆవిడ పిక్కల ముందు భాగమంతా వల పరిచినట్టు నల్లటి గీతలు వచ్చాయి. నొప్పి లేదు, దురద లేదు. వయసు మచ్చలేనా? ఇంకొక విషయం: నాకు చురుక్కుమనేంత వేడిలో కూడా ఆవిడ కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు.
– ఒక గృహిణి, సునాబెడ, కొరాపుట్ జిల్లా

జవాబు: మీ ప్రశ్నలోని రెండో భాగమే మొదటి దానికి సమాధానం. మూడు వేల అడుగుల పీఠభూమి మీద శీతాకాలపు రాత్రులు ఎలా ఉంటాయో తెలిసినవారు ఎవరూ కుంపటిని తప్పుపట్టరు. వేడిని గుర్తించే నాడీ కొసలలో ‘టీఆర్‌పీవీ1’ అనే చిన్న ద్వారం ఒకటి ఉంటుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది తెరుచుకుని, కాలుతోందని కబురు పంపుతుంది. మిరపకాయలోని ఘాటు కూడా దీనినే తెరుస్తుంది కనుకనే పచ్చడి రుబ్బిన చేతికి నిప్పు తగలకుండానే మంట పుడుతుంది. దీనిని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు, తాకిడి సంగతి తేల్చిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మీ అత్తగారి కాళ్ళలో ఈ కొసలు పలచబడ్డాయి. మీకు చురుక్కుమనే వేడి ఆవిడకు హాయిగా తగులుతోంది. బొబ్బ ఎక్కేంత కాకపోయినా, చర్మాన్ని పాడుచేయడానికి సరిపడే వేడి రోజూ గంటల తరబడి తగలడం వల్ల లోపలి పొరలోని సన్నని రక్తనాళాల అల్లిక వెంబడే రంగు పేరుకుంది. వలలాగా కనబడడానికి అదే కారణం.

ఇది వయసు మచ్చ కాదు, కానీ ఎండ చేసే పనినే నిప్పు చేస్తున్న గుర్తు. వేడి మానితే కొన్ని నెలలలో చాలావరకు తగ్గుతుంది. మానకపోతే, ఏళ్ళు గడిచిన తరువాత, అరుదుగానే అయినా, ఆ చోట పుండు పడి క్యాన్సరుగా మారవచ్చు. కాశ్మీరులో ఒంటికి ఆనించుకునే కాంగ్‌డీ కుంపటి వల్ల పొట్ట మీద, తొడల మీద వచ్చే క్యాన్సరు వైద్య గ్రంథాలకు ఎక్కింది. కనుక కుంపటిని గది మధ్యలోకి జరిపి, ఆవిడకు ఉన్ని మేజోళ్ళు, దుప్పటి ఇవ్వండి. వేడి సరిపోయిందా అని ఆవిడను అడగకండి, మీ చేయి అక్కడ పెట్టి మీరు చూడండి. మంచంలో వేడినీళ్ళ సంచి పెట్టే అలవాటు ఉంటే, పక్క వెచ్చబడిన తరువాత దానిని తీసివేసి ఆవిడను పడుకోబెట్టండి. ఆ గీతల మధ్య ఎక్కడైనా గరుకుగా, పొలుసు కట్టి, మానని చోటు కనబడితే మాత్రం ఆలస్యం చేయవద్దు. కిటికీ తలుపులు అన్నీ బిగించి బొగ్గుల కుంపటితో నిద్రపోవడం చర్మం కంటే ముందు ప్రాణానికే ముప్పు కనుక అది కూడా చెప్పాను.

ప్రశ్న: నాకు పన్నెండేళ్ళుగా షుగరు. పాదాలు ఎండిన చెరువు మట్టిలా పగులుతున్నాయి, ముఖానికీ మెడకీ మాత్రం అన్నం తింటూంటే చెమటలు కారుతున్నాయి. ఠాకురాణి అమ్మవారి యాత్ర సమయంలో మొక్కు కొద్దీ చెప్పులు లేకుండా తిరిగాను. ఇంటికి వచ్చాక మా అమ్మాయి చూసేదాకా అరికాలి బొబ్బ సంగతి నాకే తెలియదు. ఇది వయసు వల్లనా, షుగరు వల్లనా?
– 58 ఏళ్ళ పాఠకుడు, బరంపురం

జవాబు: షుగరు వల్ల, అయ్యా. వయసు ఇరవై ఏళ్ళలో నాడులకు చేసే నష్టాన్ని అదుపు తప్పిన షుగరు చాలా తక్కువ కాలంలో చేస్తుంది. చెమట గ్రంథులకు ఆజ్ఞ ఇచ్చేవి కూడా నాడులే. పాదాల దగ్గర ఆ నాడులు చచ్చుబడడం వల్ల చెమట ఆగి మడమ పగిలింది. అన్నం తినేటప్పుడు ముఖానికీ మెడకీ చెమటలు కారడం కూడా షుగరు నాడులను తాకిన గుర్తే. అంటే మీ పగుళ్ళు మడమ జబ్బు కాదు, నాడి జబ్బు మడమ మీద కనబడడం. రోజూ రాత్రి పాదాలు గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, మడమకు యూరియా కలిసిన క్రీము రాయండి. వేళ్ళ సందులలో మాత్రం ఏదీ రాయవద్దు. నేల మీద అద్దం పెట్టి అరికాలు చూసుకోవడం పళ్ళు తోముకోవడమంత అలవాటు కావాలి. ఇక మొక్కు సంగతి: మిట్టమధ్యాహ్నం కాలే రాతి మీద, తారు మీద చెప్పులు లేకుండా నడవడం స్పర్శ ఉన్నవాడు చేస్తే భక్తి, స్పర్శ లేనివాడు చేస్తే పుండు. తెల్లవారుజామున వెళ్ళండి, లేదా మేజోళ్ళతో వెళ్ళండి. అమ్మవారు ఏమీ అనుకోదు.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్ళు. మోచేతి దగ్గర రూపాయి బిళ్ళంత చోటు చుట్టుపక్కల కంటే పాలిపోయి, పొడిగా, వెంట్రుకలు రాలి ఉంది. గిల్లినా తెలియడం లేదంటారు. వయసుకు చర్మం మొద్దుబారడం మామూలేనని ఇంట్లో అందరూ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: కాదు. ఈ సమాధానం చదివిన వారంలోగా ఆయనను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వయసు వల్ల వచ్చే మొద్దుదనం రెండు పాదాలలోనూ, రెండు చేతుల వేళ్ళలోనూ సమానంగా, నెమ్మదిగా వస్తుంది. ఒక చోట గిరి గీసినట్టు స్పర్శ పోవడం, అక్కడే రంగు పాలిపోవడం, చెమటా వెంట్రుకలూ పోవడం, ఈ మూడూ కలిస్తే మొదట అనుమానించవలసింది కుష్ఠును. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్న ఈ సూక్ష్మజీవికి చర్మంలోని నాడులంటే మక్కువ ఎక్కువ. నాడి పోయిన చర్మం ఎలా ఎండుతుందో, ఎలా పగులుతుందో వైద్యులు చాలావరకు ఈ జబ్బును చూసే నేర్చుకున్నారు. జాతీయ స్థాయిలో 10,000 మందికి ఒకరి కంటే తక్కువకు దిగిందని 2005 చివర్లో ప్రకటించినంత మాత్రాన ఈ జబ్బు మన ఊళ్ళ నుంచి పోలేదు, ఒడిశాలో ఏటా కొత్త కేసులు బయటపడుతూనే ఉన్నాయి.

మందు ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడితే జబ్బు పూర్తిగా నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఆ మనిషి నుంచి ఇతరులకు అంటడం ఆగిపోతుంది కనుక కంచం, మంచం వేరుచేయవలసిన పని లేదు. కానీ ఒకసారి పోయిన నాడిని ఏ మందూ తిరిగి తీసుకురాలేదు. తొందరపెట్టడం అందుకే. నలుగురికీ తెలుస్తుందేమోనన్న బెరుకు ఉంటే మీ వీధి ఆశా దీదీకి ఒంటరిగా చెప్పండి, మిగిలినది ఆమె చూసుకుంటుంది. పరీక్షలో ఇది కుష్ఠు కాదని తేలితే మంచిదే, ఒక పూట పోతుంది అంతే.

ప్రశ్న: పదేళ్ళ క్రితం పక్షవాతంలా వచ్చి మా మేనమామ ముఖం ఒక పక్కకు పోయింది. ఇప్పుడాయనకు 60 ఏళ్ళు. విచిత్రం ఏమిటంటే, కదలని వైపు నుదురు నున్నగా ఉంది, బాగున్న వైపే ముడతలు! అయితే నరం పోతే చర్మం పడుచుగా ఉంటుందా? బొటాక్స్ ఇలాంటిదేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, జయపురం

జవాబు: మంచి కన్ను మీది. పైన చెప్పిన దానికి ఇది ఎదురు సాక్ష్యంలా కనబడుతుంది గాని, ఇక్కడ మాట్లాడేది వేరే నాడి. ఇంతవరకు చెప్పినవి కబురు తెచ్చే నాడులు, మీ మేనమామగారికి దెబ్బతిన్నది ముఖ కండరాలకు ఆజ్ఞ ఇచ్చే నాడి. నుదుటి మీద అడ్డగీతలు, కనుబొమల మధ్య నిలువుగీతలు కండరం రోజుకు వందల సార్లు చర్మాన్ని మడతపెట్టడం వల్ల ఏర్పడతాయి. మడిచే చేయి ఆగితే గుడ్డ మీద మడత పడదు. బొటాక్స్, అంటే బొటులినం సూది, చేసేది కూడా ఇదే: నాడీ కొస నుంచి కండరానికి ఆజ్ఞ మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బయటికి రాకుండా అడ్డుకుని కండరాన్ని మూడు నాలుగు నెలలు నిద్రపుచ్చుతుంది. కనుబొమల మధ్య గీతలకు అమెరికాలో 2002లో దీనికి అనుమతి లభించింది. చర్మాన్ని అది పడుచుగా చేయదు. ఎండకు తెగిన కొలాజెన్‌ను అతకదు. మీ మేనమామగారి నుదుటిని చూసిన కళ్ళతోనే అదే వైపు చెంపనూ, కింది రెప్పనూ చూడండి. కండరం బిగువు పోవడంతో అవి జారి ఉంటాయి. ఆ కన్ను పూర్తిగా మూతపడకపోతే అది ఎండిపోయి చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది కనుక, ముడతల ముచ్చట తరువాత, ముందు కంటి వైద్యుడికి చూపించండి.

ప్రశ్న: మా అమ్మ వంశధారలో బట్టలు ఉతికి వస్తే వేళ్ళు ముసలివాళ్ళ వేళ్ళలా ముడతలు పడతాయి. నాకు కూడా పడతాయి. నీళ్ళు తాగి చర్మం ఉబ్బడం వల్లేనని మా సార్ చెప్పారు. నిజమేనా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, గుణుపురం

జవాబు: మీ సార్ చెప్పినట్లే చాలాకాలం అందరూ అనుకున్నారు. కానీ 1930లలోనే లండన్‌లో లూయిస్, పికరింగ్ అనే వైద్యులు ఒక సంగతి గమనించారు: చేతికి వెళ్ళే నాడి దెబ్బతిన్నవారి వేళ్ళు ఎంతసేపు నానినా ముడతలు పడవు. వేళ్ళు నీటిలో కొంతసేపు నానితే నాడి ఆజ్ఞ ఇచ్చి వేలి కొసలోని రక్తనాళాలను బిగిస్తుంది, లోపలి గుజ్జు కుంచించుకుపోతుంది, పైన చర్మం లోపలికి లాగబడి ముడత పడుతుంది. అంటే ఒంటి మీద ముసలితనంలా కనబడే ఈ ఒక్క ముడత మాత్రం నాడి ఆరోగ్యంగా ఉన్నదనడానికి గుర్తు. 1973లో ఓ’రియాన్ అనే ఐర్లాండు వైద్యుడు దీనినే నాడి పరీక్షగా వాడవచ్చని రాశారు. మీరూ చేసి చూడవచ్చు. 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పది వేళ్ళూ అరగంట ఉంచి, ఏ వేలికి ముందు ముడత పడిందో, ఏ వేలికి పడలేదో రాసుకోండి. అమ్మకు, తాతగారికి కూడా చేయండి. నీళ్ళ వేడి మాత్రం తాతగారిని అడిగి కాకుండా, మీ మోచేతితో చూసి చెప్పండి.